గుంట రైతుది, తాళం చెవి ఎవరిది?

రొయ్యల గుంట గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లను దూరం నుంచి నడిపే కంట్రోల్ బాక్సు గొడవ మళ్లీ మొదలైంది. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రైతులు కొందరు నెల్లూరులో ఇంట్లోని కంప్యూటర్ నుంచే ఏరేటర్లు చూసుకుంటామంటున్నారు. బాక్సు బిగించినవాళ్లేమో మా యాప్‌లోంచే రావాలి, ఏడాదికింత కట్టాలి అంటున్నారు. ఫోన్ కొడితే మోటార్ తిరిగే స్టార్టర్ల దగ్గర్నుంచి చెప్పనక్కర్లేదు, అది అందరూ వాడిందే. అసలు మెలిక 2016 సెప్టెంబర్‌లో పడింది.

ఆ నెల 5న జియో వచ్చింది. గట్ల మీదికీ చౌకగా నెట్ చేరింది. అంతకుముందు వైరు బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోట రౌటర్‌లో ఒక పోర్ట్, అంటే బయటి నుంచి లోపలికొచ్చే తలుపు తెరిచి, ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ కనెక్షన్ నంబర్) కొడితే కెమెరా కనిపించేది. సిమ్ నెట్‌లో ఆ పని సాగదు. అక్కడ బోలెడంత మంది ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఉంటారు. ఇలాంటి ఏర్పాటు కోసమే 2012లో 100.64తో మొదలయ్యే అడ్రస్‌లు కొన్ని విడిగా కేటాయించారు. లోపలివాళ్లు బయటికి పోగలరు, బయటివాళ్లు నేరుగా లోపలికి రాలేరు.

అదే నెల 20న అమెరికాలో బ్రయాన్ క్రెబ్స్ అనే జర్నలిస్టు సైట్ మీద మిరాయ్ దాడి జరిగింది. మిరాయ్ అంటే నెట్‌కు తగిలించిన పరికరాలను వశం చేసుకుని, వాటితో సైట్ల మీద దాడి చేయించే వైరస్ లాంటి ప్రోగ్రామ్. అక్టోబర్ 21న, సైట్ పేరు కొడితే దాని అడ్రస్ చూపించే డిన్ అనే సంస్థ వంతు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి తెరుచుకోలేదు. ఇందులో పెద్ద తెలివేమీ లేదు. టెల్నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత దారి) తెరిచి వదిలేసిన కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్‌ల మీద అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు వరసబెట్టి కొట్టి చూశారు, అంతే. వాటిని ఎవరూ మార్చలేదు మరి.

అంటే ఒకే నెలలో పోర్ట్ తెరవడం కుదరకుండానూ పోయింది, తెరవకూడదనీ తేలింది. మిగిలింది ఒకటే దారి: బాక్సే బయటికి ఫోన్ చేయాలి, అంటే తనంతట తానే నెట్‌లో బయటి సర్వర్‌కు కలవాలి. అది కంపెనీ సర్వర్‌కు చేసింది. తాళం చెవి చేతులు మారింది అక్కడే. బాక్సు అమ్మేవాళ్లు ఇప్పటికీ మిరాయ్ పేరే చెబుతారు. రైతుకు అప్పగిస్తే పాస్‌వర్డ్ ఎవరికో చెప్పేస్తాడు, రొయ్య చస్తే అర్ధరాత్రి మాకే ఫోన్ వస్తుందంటారు.

రైతుల మాట వేరు. రాత్రంతా గుంటలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే సర్వర్ పలక్కపోతే, బాక్సులో కరెంటూ నెట్టూ ఉండి కూడా బండి పట్టుకుని గుంట దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. పైగా కంపెనీ మూతపడితే? ఇది ఉత్త భయం కాదు. అదే 2016లో, మే 15న, నెస్ట్ సంస్థ తాను కొన్న రివాల్వ్ కంపెనీ హబ్‌ల (ఇంట్లో లైట్లు, తాళాల్లాంటివి నడిపే పెట్టెల) సర్వర్లు ఆపేసింది. చెక్కుచెదరని పెట్టెలు పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో అలాంటి పరికరాలే అమ్మే ఇన్‌స్టియాన్ ముందుగా ఒక్క మాట కూడా చెప్పకుండా అదే పని చేసింది.

నేరుగా వెళ్తే ప్రమాదమన్న మాట 2016లో నిజమే. 2020 మార్చిలో లినక్స్ 5.6తో పాటు వైర్‌గార్డ్, అంటే నెట్‌లో రెండు మెషిన్ల మధ్య రహస్య సొరంగం వేసే ప్రోగ్రామ్, కెర్నెల్‌లోకి (లినక్స్ గుండెకాయలోకి) వచ్చాక పరిస్థితి మారింది. రైతు అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌కు బాక్సే ఫోన్ చేస్తుంది. దారి మూసుకుపోకుండా 25 సెకన్లకోసారి పలకరించేలా పెడతారు. ఇటు నుంచి ల్యాప్‌టాప్ కూడా ఆ సర్వర్‌కే కలుస్తుంది. పాస్‌వర్డ్ ఉండదు, దాని బదులు ప్రైవేట్ కీ అనే రహస్య ఫైలు ఉంటుంది, ఎవరిది వాళ్ల దగ్గరే. కీ తెలియనివాడు తలుపు తడితే సర్వర్ జవాబే ఇవ్వదు. ఆ సొరంగం లోపల మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కీతో బాక్సులోకి వెళ్తారు. ల్యాప్‌టాప్ పోతే దాని కీ ఒక్కటి తీసేస్తే చాలు.

అయితే బాక్సు లోపల, ఎవరిని రానివ్వాలో రాసుకున్న జాబితాలో ఎవరెవరి కీలున్నాయో చూసుకునేవాళ్లు తక్కువ. నేను చూసిన ఒక బాక్సులో, పని మానేసి రెండేళ్లయిన టెక్నీషియన్ కీ అలాగే ఉంది. సొరంగం కీ కూడా తీసేయకపోతే ఆయన ఇప్పటికీ ఎక్కడ్నుంచైనా ఏరేటర్లు ఆపేయగలడు. రైతుకు ఆ సంగతే తెలియదు.

రైతుకూ ఒక కీ ఇవ్వడానికి బిగించినవాళ్లు ఇప్పుడు సరేనంటున్నారు. తమది తీసేయడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు.