విండోస్ పక్కన లినక్స్: గొడవకు మూలం 2012లో ఉంది

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. ఉన్న ల్యాప్‌టాప్‌నే వాడుకుందామనుకున్నవాళ్లు విండోస్‌ని ఉంచుకుని, పక్కన లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటున్నారు. దాంతో పాత ఫిర్యాదులు మళ్లీ మొదలయ్యాయి: బూట్ పార్టిషన్ (కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే డిస్క్ భాగం) నిండిపోయిందని, అప్‌డేట్ తర్వాత లినక్స్ తెరుచుకోవడం లేదని. నింద ఎక్కువగా లినక్స్ మీదే పడుతోంది.

డిస్క్‌ని భాగాలు చేసే పాత పద్ధతి ఎంబీఆర్, అందులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లే ఉండాలన్న పరిమితి చాలామందికి తెలిసినవే. అసలు మలుపు 2012లో వచ్చిన విండోస్ 8. కొత్త కంప్యూటర్లు దాదాపుగా యూఈఎఫ్ఐకి (కంప్యూటర్‌ని మొదలుపెట్టే కొత్త తరహా ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డ్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) మారింది దానితోనే. ఒకే బూట్‌లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) కోసం కొట్లాట ఇక ఉండదని, ఈఎస్‌పీ అనే చిన్న బూట్ పార్టిషన్‌లో ఏ సిస్టమ్ ఫోల్డర్ దానిదేనని అనుకున్నారు. మంచి ఏర్పాటే. కానీ ఆ పార్టిషన్ సైజు నిర్ణయించేది ముందుగా ఇన్‌స్టాల్ అయ్యే విండోస్. మామూలుగా 100 ఎంబీ ఇస్తుంది. తనకది చాలు. కెర్నల్‌ని (లినక్స్ మూల ప్రోగ్రామ్‌ని) తన పార్టిషన్‌లోనే ఉంచుకునే ఉబుంటు అనే లినక్స్ రకానికీ చాలు. కెర్నల్‌ని కూడా ఈఎస్‌పీలోనే పెట్టే పాప్ ఓఎస్ లాంటి రకాలకు చాలదు. పెంచుదామంటే వెనకే విండోస్ తన కోసం ఉంచుకున్న 16 ఎంబీల రిజర్వ్‌డ్ పార్టిషన్, దాన్ని ఆనుకుని సీ డ్రైవ్. రెండింటినీ వెనక్కి జరపాలి. ఆ పని మధ్యలో కరెంటు పోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

కంప్యూటర్‌ని త్వరగా తెరిచే ఫాస్ట్ స్టార్టప్ కూడా విండోస్ 8తోనే వచ్చింది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సీ డ్రైవ్ సగం తెరిచినట్టే ఉంటుంది. అందుకే లినక్స్ అందులో రాయడానికి ఒప్పుకోదు. దీన్ని లినక్స్ లోపమనడం అన్యాయం. అది మన ఫైళ్లను కాపాడుతోంది.

ఇక 2024 ఆగస్టు 13 విండోస్ అప్‌డేట్. లినక్స్‌ని మొదలుపెట్టే పాత గ్రబ్ బూట్‌లోడర్లలోని భద్రతా లోపాన్ని అడ్డుకోవడానికే ఇచ్చామని, రెండు సిస్టమ్‌లున్న మెషీన్లకు ఇది వర్తించదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. వర్తించింది. రెండో సిస్టమ్ ఉందో లేదో చూసే పద్ధతి కొన్ని మెషీన్లలో పనిచేయలేదు. సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్‌లోడర్లనే అనుమతించే తనిఖీ) ఆన్‌లో ఉన్న చాలామందికి, బూట్‌లోడర్ ఆ తనిఖీలో తప్పిందని చెప్పే ‘షిమ్ ఎస్‌బ్యాట్’ ఎర్రర్ వచ్చి లినక్స్ ఆగిపోయింది. పార్టిషన్లకు ఏమీ కాలేదు. మారింది మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోని సెట్టింగ్. డిస్క్ పోయిందని టెన్షన్ పడి ఫార్మాట్ చేయాల్సిన పనే లేదు. మైక్రోసాఫ్ట్ దీన్ని పూర్తిగా సరిచేసింది 2025 మే అప్‌డేట్‌లో, అంటే తొమ్మిది నెలల తర్వాత.