కొత్త పంచ్‌లో పాత బ్రేకు

"చాలా ఏళ్లుగా కరాటే చేస్తున్నాను. ఇప్పుడు బాక్సింగ్‌లో కూడా చేరదామనుకుంటే, రెండు పడవల మీద కాళ్లు పెడితే రెండూ చెడతాయని మా మాస్టారు అంటున్నారు. సైన్స్ ఏమంటుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ఒంటికి పట్టిన విద్య ఎలా నిలుస్తుందో, ఎందుకు ఓ పట్టాన వదలదో ఇందులో బాగా తెలుస్తుంది. కరాటే ఎక్కడ పుట్టింది, బాక్సింగ్‌లో ఎన్ని రౌండ్లు వంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

మాస్టారి మాటలో సగం నిజముంది. ఏ సగం అన్నదే ఆసక్తికరం.

కరాటే తెలిసిన మనిషి జూడో నేర్చుకుంటే పెద్దగా తికమకపడడు. పట్టు పట్టడం, పడేయడం, పడినప్పుడు దెబ్బ తగలకుండా చూసుకోవడం అన్నీ కొత్తే. అదే బాక్సింగ్‌లో చేరాడనుకోండి, అక్కడా పిడికిలే, ఇక్కడా పిడికిలే, అయినా చేతులు నెలల తరబడి మాట వినవు. పోలిక పెరిగితే పని సులువవ్వాలి గదా! ఈ చిక్కుముడిని 1949లో చార్ల్స్ ఆస్‌గుడ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చక్కగా విప్పాడు. ఆయన ఆధారపడినవి ఎక్కువగా మాటల జాబితాలు బట్టీపట్టించే ప్రయోగాలే అయినా, ఆ సూత్రం ఒంటి విద్యలకూ పనికొస్తుంది. నేర్చుకున్న ప్రతి పనిలో ఒక సూచన, దానికి ఒక స్పందన ఉంటాయి. సూచన కొత్తదైతే పాత విద్యతో పేచీ లేదు. సూచనా అదే, స్పందనా అదే అయితే పాతది కలిసొస్తుంది. సూచన అదే అయి ఉండి స్పందన మారాల్సి వచ్చినప్పుడే అసలు తంటా.

ఒకప్పటి కొన్ని మోటార్ సైకిళ్లకు గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. వాటికి అలవాటుపడిన మనిషి ఇప్పటి బండి ఎక్కితే ఖాళీ రోడ్డు మీద బాగానే నడుపుతాడు. ఎవరైనా హఠాత్తుగా అడ్డం వచ్చారంటే మాత్రం ఎడమకాలు గట్టిగా నొక్కేస్తుంది. ఇప్పుడు అక్కడున్నది గేరు! నింపాదిగా ఉన్నప్పుడు కొత్త అలవాటు, టెన్షన్‌లో పాత అలవాటు. స్పారింగ్‌లో, అంటే ఎదురెదురుగా పోరాడే సాధనలో జరిగేదీ సరిగ్గా ఇదే.

ముఖం మీదికి పంచ్ వస్తోంది. బాక్సర్ మోకాళ్లు వంచి కిందికి దిగి తప్పించుకుంటాడు. బాక్సింగ్‌లో కాలితో, మోకాలితో ఏ దెబ్బా రాదు కాబట్టి అది భద్రమైన చోటు. కాళ్లతో, మోకాళ్లతో కూడా కొట్టే థాయ్‌లాండ్ ఆట ముయే థాయ్‌లో అదే పని చేస్తే తలను తీసుకెళ్లి అవతలివాడి మోకాలికి అప్పగించినట్టే. బాక్సర్లు ముందుకాలి మీద బరువు వేసి నిలబడటం కూడా ఇలాంటిదే. అక్కడ అది జాబ్‌కు (ముందుచేతి పంచ్‌కు) ఊతం, ఇక్కడ లో కిక్‌కు (కాలి మీద తన్నే తన్నుకు) ఆహ్వానం. బరువు మోపిన కాలిని టక్కున ఎత్తి కాచుకోలేరు. మోకాలి కింద బయటివైపు, చర్మానికి బాగా దగ్గరగా ఒక నరం ఎముకను చుట్టుకుని వెళ్తుంది. అక్కడ గట్టిగా తగిలితే పాదం కాసేపు పైకి లేవదు.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే సంగతికి వస్తాను. అది బ్రేకు. చేతిని వేగంగా విసిరి ఒకచోట ఆపండి. ఆ సమయంలో చర్మం మీద ఎలక్ట్రోడ్లు అతికించి చూస్తే కండరాల్లో వరసగా మూడు విద్యుత్ పొంగులు కనిపిస్తాయి. మొదట మోచేతిని చాచే ట్రైసెప్స్ ఒక్కసారిగా పనిచేస్తుంది. వెంటనే దానికి ఎదురు కండరమైన బైసెప్స్ లాగి పడుతుంది, అదే బ్రేకు. చివర్లో చేయి ఊగకుండా ట్రైసెప్స్ మళ్లీ చిన్నగా పనిచేస్తుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది. చేయి ఎక్కడిదాకా వెళ్లిందో కళ్లు చూసి, మెదడు తేల్చుకుని, ఆపమని కబురు పంపేలోపు పంచ్ ముగిసిపోతుంది. అందుకే బ్రేకు ఎప్పుడు పడాలన్నది చాలావరకు పంచ్ బయల్దేరక ముందే నిర్ణయమైపోతుంది. దాన్ని నిర్ణయించేది సాధన.

పాయింట్ల కరాటేలో అవతలివాడి ముఖానికి వెంట్రుకవాసి దూరంలో పిడికిలి ఆపడం గొప్ప విద్య. ఏళ్ల తరబడి అలా ఆపీ ఆపీ, బ్రేకు లక్ష్యానికి ముందే పడేలా కుదురుకుంటుంది. ఆ మనిషి గ్లోవ్స్ తొడుక్కుని హెవీ బ్యాగ్‌ను కొడితే పిడికిలి బ్యాగ్‌కు చేరేసరికే నెమ్మదిస్తుంది. చూడటానికి పంచ్ చక్కగా ఉంటుంది, బ్యాగ్ మాత్రం కదలదు. 'బలం చాలట్లేదు' అనుకుని భుజం బిగిస్తాడు. బిగిస్తే బైసెప్స్, ట్రైసెప్స్ రెండూ ఒకేసారి లాగుతాయి, వేగం ఇంకా పడిపోతుంది. అతనికి కావలసింది బలం కాదు, బ్రేకు కాస్త ఆలస్యంగా పడటం. బ్యాగ్ లోపల ఓ జానెడు లోతున లక్ష్యం ఉందనుకుని కొట్టమంటే చాలామందికి పది నిమిషాల్లోనే తేడా కనిపిస్తుంది. అది నిలవడానికి మాత్రం నెలలు పడుతుంది.

ఆపడం చేతకానితనం కాదని చెప్పడానికి టోక్యో ఒలింపిక్స్ ఒక్కటి చాలు. 2021 ఆగస్టులో జరిగిన 75 కిలోల పైబడిన పురుషుల కరాటే ఫైనల్లో సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేది ఆధిక్యంలో ఉండి, తలకు తన్నిన ఒక్క కిక్‌తో ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదేను పడగొట్టాడు. వేరే ఆటలో అయితే అది నాకౌట్ విజయం. ఇక్కడ హమేదిని డిస్‌క్వాలిఫై చేసి, స్పృహ తప్పి పడిపోయిన గంజ్‌జాదేకు స్వర్ణం ఇచ్చారు. కరాటే అంతా ఇలాగే ఉంటుందనుకోకండి. క్యోకుషిన్ అనే కరాటే శైలిలో ఒంటి మీద నిజంగానే కొడతారు, అక్కడ ముఖానికి చేతి దెబ్బలు నిషేధం. కాబట్టి క్యోకుషిన్ నుంచి బాక్సింగ్‌కు వచ్చేవాళ్లకు బ్రేకు బాధ తక్కువ, ముఖం కాచుకోని అలవాటుతోనే బాధ.

బిగింపు గురించి ఇంకో మాట. కెనడాలో స్టువర్ట్ మెక్‌గిల్ బృందం ఆరితేరిన ఫైటర్ల కండరాలను రికార్డు చేసి 2010లో ఫలితాలు ప్రచురించింది. దెబ్బ మొదలైనప్పుడు ఒక బిగింపు, మధ్యలో సడలింపు, తగిలే క్షణంలో ఇంకో బిగింపు. మధ్యలో సడలకపోతే వేగం రాదు. చివర్లో బిగియకపోతే పిడికిలి వెనక ముంజేయి, భుజం, మొండెం ఒకే ముద్దలా నిలబడవు, దెబ్బకు బరువు రాదు. ఈ లయ కరాటేకీ, బాక్సింగ్‌కీ, ముయే థాయ్‌కీ ఉమ్మడి సొత్తు. మీ మాస్టారి దగ్గర నేర్చుకున్నదాంట్లో ఏమాత్రం వృథా కాని భాగం ఇదే. 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 12 మంది కరాటే బ్లాక్‌బెల్టులను, కరాటే రాని మరో 12 మందిని పోల్చారు. దగ్గర నుంచి కొట్టే పంచ్‌లో బ్లాక్‌బెల్టులు ముందున్నది కండబలం వల్ల కాదు, భుజం, మణికట్టు ఒకదానికొకటి తాళం తప్పకుండా కదలడం వల్ల. ఆ పొందికకూ, చిన్నమెదడును మిగతా మెదడుతో కలిపే తీగల నిర్మాణానికీ సంబంధం కనిపించింది. 'మజిల్ మెమరీ' అని మనం పిలిచేది కండలో కాదు, తలలో ఉంటుంది.

రెండో గురువు దగ్గరికి వెళితే మొదటి గురువిచ్చిన శక్తి పోతుందనే నమ్మకం నేను చాలాచోట్ల విన్నాను. దానికి ఏ ఆధారమూ లేదు, పిల్లల్లో అనవసరమైన భయం పెంచడం తప్ప ప్రయోజనమూ లేదు. మోకాలి కింది ఎముక మీద గాజుసీసా దొర్లిస్తే అది ఉక్కులా మారుతుందన్నదీ ఇలాంటిదే. ఎముక గట్టిపడేది క్రమంగా పెరిగే బరువుకు, తాకిడికి. బ్యాగ్‌ను ఓపికగా తన్నడమే దారి. సీసాతో నొచ్చేది చర్మం, ఎముక మీది పొర.

బోధన విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఒకటుంది. కొత్త కోచ్‌లు చాలామంది "అక్కడ నేర్చుకున్నదంతా మర్చిపో" అంటారు. మెదడు అలా చెరపలేదు. పాత స్పందన అక్కడే ఉంటుంది, దాని పక్కన కొత్తది పెరిగి పైచేయి సాధించాలి. అందుకే సూచననే వేరు చేసి చూపాలి. "ఎదుటివాడి తుంటి తిరిగితే కిక్ వస్తున్నట్టే, కిందికి దిగకు, వెనక్కి జరుగు" అన్నది పనికొచ్చే మాట. "వంగకు" అన్నది కాదు.

సాధన ఎలా కలపాలన్నదానికీ కొన్ని ఆధారాలున్నాయి. 1979లో షియా, మోర్గన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, మూడు కదలికలను ఒక్కోటి పూర్తిచేసుకుంటూ పోయినవాళ్లు సాధనప్పుడు మెరుగ్గా కనిపించారు. కలగాపులగంగా చేసినవాళ్లు తర్వాతి పరీక్షలో వాళ్లను దాటేశారు. 1996లో వచ్చిన మరో ప్రయోగం, చేతితో ఒకటి నేర్చుకున్న వెంటనే దానికి విరుద్ధమైనది నేర్చుకుంటే మొదటిది దెబ్బతింటుందని, 4 గంటలు ఆగితే నిలబడుతుందని చూపింది. తర్వాత కొందరు చేసినప్పుడు ఈ ఫలితం రాలేదు కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోను. అయినా మొదటి రెండు మూడు నెలలు కరాటే ఒకరోజు, బాక్సింగ్ ఇంకోరోజు పెట్టుకోమనే చెబుతాను. కొత్త బ్రేకు కాస్త కుదిరాక ఒకే రోజు ఒక రౌండు ఆపుతూ, ఒక రౌండు బ్యాగ్‌లోకి దిగేలా కొడుతూ మార్చి మార్చి చేయండి. ఆ మార్పిడే మీకు నిజంగా కావలసిన నైపుణ్యం.

ఈలోగా కరాటే మొద్దుబారినట్టు అనిపిస్తుంది. మాస్టారు అది చూసే 'చెడింది' అంటారు. ఒకసారి నేర్చుకుని వదిలేసినదాన్ని మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటే చాలా తక్కువ సమయం పడుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే లెక్కగట్టి చూపాడు. టోర్నమెంటు దగ్గర పడినప్పుడు కొన్నాళ్లు బ్యాగ్ పక్కన పెట్టి, భాగస్వామితో ఆపే పంచ్‌లే సాధన చేయండి. ఎదుట మనిషి ముఖం ఉంది కాబట్టి మొదటి రోజుల్లో దూరం కాస్త ఎక్కువే ఉంచుకోండి.