పసి మెదడుకు ఎంత రేడియేషన్?

పిల్లల మెదడులో గడ్డ ఉందని తెలిశాక తల్లిదండ్రులు మొదట అడిగేది ‘బతుకుతాడా?’ అనే. ‘మునుపటిలా చదువుకోగలడా?’ అన్నది ఆ తర్వాత. వందేళ్ల కిందట ఆ రెండో ప్రశ్న దాకా వచ్చినవాళ్లు చాలా తక్కువ.

చిన్నమెదడులో పుట్టే ఒక ట్యూమర్‌కు 1925లో అమెరికా వైద్యులు హార్వీ కుషింగ్, పెర్సివల్ బెయిలీ మెడుల్లోబ్లాస్టోమా అని పేరు పెట్టారు. పిల్లలకు వచ్చే మెదడు క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. కుషింగ్ అంతటి సర్జన్ తీసేసినా అది మళ్లీ వచ్చేది. ఎందుకంటే దాని కణాలు మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో కలిసి కిందికి పాకుతాయి. అక్కడికి కత్తి చేరదు.

అందుకే తల నుంచి వెన్ను చివరిదాకా రేడియేషన్ ఇచ్చారు. మాంచెస్టర్ డాక్టర్ ఎడిత్ పాటర్సన్ 1953లో ఆ ఫలితాలు ప్రచురించారు. సగానికి మించి పిల్లలు మూడేళ్లు దాటారు. అప్పటికి అది ఊహించని మాట.

అయితే ఎదిగే మెదడు ఆ కిరణాలను తట్టుకోలేదు. బతికిన పిల్లలు బడిలో వెనకబడ్డారు. జ్ఞాపకశక్తి తగ్గింది, హార్మోన్లు సరిగా అందలేదు, వెన్నెముక పెరగక పొట్టిగా ఉండిపోయారు. ఎంత చిన్న వయసులో ఇస్తే అంత నష్టం. ఈ వైద్యంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే: బిడ్డ ప్రాణం నిలిపిన చికిత్సే ఆ బిడ్డ చదువునూ ఎదుగుదలనూ దెబ్బతీసింది.

తర్వాతి పరిశోధనలో పెద్ద భాగం ఈ నష్టం తగ్గించడం కోసమే. మూడేళ్లలోపు పిల్లలకు ముందు కీమో ఇచ్చి రేడియేషన్ వాయిదా వేశారు. మిగతావారిలో, గడ్డ దాదాపు పూర్తిగా తీసేసి, ఎక్కడికీ పాకని పిల్లలకు విన్‌క్రిస్టిన్, సిస్‌ప్లాటిన్, లోముస్టిన్ అనే కీమో మందులు తోడు చేసి, తలకూ వెన్నుకూ ఇచ్చే మోతాదును 36 గ్రే (రేడియేషన్ కొలత) నుంచి 23.4కు దించారు. వీరిలో నూటికి 80 మంది దాకా ఐదేళ్లు దాటుతున్నారు. చిన్నపిల్లల్లో 18కి దించి చూస్తే మాత్రం జబ్బు తిరగబెట్టడం పెరిగింది. ఈ ఒక్క జబ్బులోనే నాలుగు రకాలున్నాయని 2012లో నిపుణులు ఒప్పుకున్నాక, సులువుగా లొంగే రకానికి ఇంకా తగ్గించవచ్చా అని చూస్తున్నారు.

మెదడు కాండంలో అల్లుకుపోయే డీఐపీజీ అనే మరో ట్యూమర్ విషయంలో ఇంత దూరం రాలేదు. దాన్ని కోసి తీయలేరు. రేడియేషన్‌తో కొన్ని నెలలే ఊరట. సగానికి పైగా పిల్లలు ఏడాది దాటడం లేదు. ఈ ట్యూమర్లలో చాలావాటికి మూలమైన జన్యుమార్పు 2012లో బయటపడింది. అది ఉండి, చికిత్స తర్వాత ముదిరినవారికి డోర్డావిప్రోన్ అనే మందును అమెరికా 2025లో అనుమతించింది. దానితో గడ్డ తగ్గేది ఇప్పటికి కొద్దిమందిలోనే.