పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు ఎక్కడికి పోయాయి?

జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని వచ్చిన పెన్‌డ్రైవ్‌ను ఇంట్లో కంప్యూటర్‌కు పెట్టగానే, ఫోల్డర్లు ఉండాల్సిన చోట అవే పేర్లతో, మూలన చిన్న వంపు బాణం గుర్తుతో షార్ట్‌కట్లు కనిపించడం చాలామందికి అనుభవమే. మా ఇంట్లో ఇది జరిగిన రోజున పెళ్లి ఫోటోలున్న ఫోల్డర్ స్థానంలో 2 కిలోబైట్ల షార్ట్‌కట్ ఒకటి మిగిలింది. అన్నీ పోయాయనుకుని ఫార్మాట్ చేయబోతూ, ఎందుకో డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి చూశాను. 16 జీబీలో 11 జీబీ నిండే ఉంది. అంటే ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, కనపడకుండా దాగి ఉన్నాయి.

విండోస్‌లో ఏ ఫైలుకైనా ‘హిడెన్’, ‘సిస్టమ్’ అనే గుర్తులు తగిలించవచ్చు. రెండూ కలిపి తగిలిస్తే, దాచిన ఫైళ్లను చూపించమని మనం అడిగినా అవి కనిపించవు. సిస్టమ్ ఫైళ్లను దాచవద్దని విడిగా ఇంకో సెట్టింగు మార్చాలి. పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకే ఈ షార్ట్‌కట్ వైరస్ చేసేది ఇదే. ఇక షార్ట్‌కట్ మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ అనే గడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఫోల్డర్ చిరునామా ఉండాల్సిన చోట, ముందు ఒక స్క్రిప్టును, అంటే ఆదేశాలు రాసి ఉన్న చిన్న ఫైలును నడిపించి, ఆ వెంటనే అసలు ఫోల్డర్‌ను తెరిచే పొడవాటి ఆదేశం ఉంటుంది. క్లిక్ చేసినవారికి ఫోటోలు మామూలుగానే తెరుచుకుంటాయి కనుక అనుమానం రాదు. ఆ స్క్రిప్టును నడిపే ‘డబ్ల్యూస్క్రిప్ట్’ కూడా విండోస్‌తో పాటు వచ్చే ప్రోగ్రామే కావడం దీనిలోని అసలు గడుసుతనం.

ఒకప్పుడు ఇంత నాటకం అవసరం ఉండేది కాదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాం తనంతట తాను మొదలయ్యే ‘ఆటోరన్’ ఏర్పాటును, 2008 చివర్లో బయటపడిన కాన్‌ఫికర్ వంటి వైరస్‌లు బాగా వాడుకున్నాయి. మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకు కూడా అప్‌డేట్ పంపి, పెన్‌డ్రైవ్‌ల విషయంలో ఆ దారి మూసింది. ఇక మన చేత క్లిక్ చేయించడమే ఇలాంటివాటికి మిగిలిన సులువైన మార్గం.

యాంటీవైరస్ దీన్ని ఎందుకు పట్టుకోలేదన్నది సహజమైన ప్రశ్న. తెలిసిన వైరస్‌ను దాని ‘సిగ్నేచర్’ను బట్టి, అంటే కోడ్‌లో దానికే ప్రత్యేకమైన భాగాన్ని బట్టి గుర్తుపడతారు. ఇలాంటి స్క్రిప్టులో పేర్లు మార్చి, అక్షరాలను తారుమారు చేస్తే ఆ సిగ్నేచర్ సరిపోలకపోవచ్చు. అందుకే ఇప్పటి యాంటీవైరస్‌లు ప్రోగ్రాం చేసే పనులను కూడా గమనిస్తాయి. అయితే ప్రతి వైరస్‌నూ తప్పు లేకుండా పట్టే సాధనం అసాధ్యమని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ కోహెన్ 1984లోనే తర్కబద్ధంగా చూపించాడు. ఆ తర్కం సరదాగా ఉంటుంది. అటువంటి సాధనం ఉందనుకుందాం. దాన్నే తన లోపల పెట్టుకుని, ‘నేను వైరస్‌నా?’ అని అడిగి, అవునంటే ఊరుకుని, కాదంటే వ్యాపించే ప్రోగ్రాం ఒకటి రాస్తే, ఆ సాధనం ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుంది.

తొలగించడంలో చాలామంది పొరబడేది వరుస దగ్గర. ముందు పెన్‌డ్రైవ్‌ను శుభ్రం చేస్తే, కంప్యూటర్‌లో అప్పటికే నడుస్తున్న స్క్రిప్టు దాన్ని క్షణాల్లో మళ్లీ పాడు చేస్తుంది. నేనూ రెండుసార్లు చేసి, మూడోసారికి గానీ గ్రహించలేదు. కనుక మొదట ఇంటర్నెట్ తీసేసి, టాస్క్ మేనేజర్‌లో ఆ డబ్ల్యూస్క్రిప్ట్‌ను ఆపాలి. తర్వాత, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని లేపుతున్నది ఏదో వెతకాలి. స్టార్టప్ ఫోల్డర్, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలోని ‘రన్’ కీ, ప్రోగ్రాంలను నిర్ణీత సమయానికి నడిపే టాస్క్ షెడ్యూలర్, ఈ మూడూ సాధారణంగా అది తిష్ఠ వేసే చోట్లు. నడుస్తున్న విండోస్‌లో మాల్వేర్, అంటే ఇలాంటి హానికర ప్రోగ్రాం, తనను తాను దాచుకోగలదు కనుక, విండోస్ సెక్యూరిటీలోని డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేయడం మేలు. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, మామూలు విండోస్ లేవకముందే సుమారు 15 నిమిషాల పాటు తనిఖీ జరుగుతుంది. ఈలోగా బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చుకోవాలి. అదే కంప్యూటర్‌లో మారిస్తే కొత్తది కూడా దొంగ చేతికి చేరవచ్చు. ఇంత చేసినా అది తిరిగొస్తుంటే, సొంత ఫైళ్లను మాత్రం భద్రపరచుకుని విండోస్‌ను కొత్తగా వేయడమే నయం.

పెన్‌డ్రైవ్ వంతు ఆఖరున వచ్చింది. షార్ట్‌కట్లన్నీ చెరిపి, ‘అట్రిబ్’ కమాండ్‌తో ఆ రెండు గుర్తులూ తీసేయగానే ఫోటోల ఫోల్డర్ బయటపడింది. దాని పక్కనే, అంతదాకా కనిపించని స్క్రిప్టు ఫైలు కూడా తేలింది. డబుల్ క్లిక్ చేయకుండా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే, అర్థం పర్థం లేని అక్షరాల మధ్య ఒక్క మాట మాత్రం చదవగలిగేలా ఉంది: మా పెన్‌డ్రైవ్‌కు తనను తాను అంటించుకునేందుకు ఆ స్క్రిప్టు వెతికే పదం, ‘రిమూవబుల్’, అంటే తీసి పెట్టగలిగే డ్రైవ్.