విదేశాంగ శాఖ ఎవరి వాటా?

2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలు వచ్చాక విజయవాడలో ఎక్కడ విన్నా ఒకటే చర్చ: ఢిల్లీలో తెలుగుదేశానికి ఏ శాఖలు ఇస్తారు? రైల్వే అన్నారు, రోడ్లు అన్నారు, స్పీకర్ పదవి అన్నారు. విదేశాంగ శాఖ మాట పెద్దగా వినిపించలేదు. ఏ వీధిలో అడిగినా పిల్లలు అమెరికాలో ఉన్నారని చెప్పే ఊళ్లు మనవి. అయినా ఆ ఊసే రాలేదు.

సంకీర్ణంలో పదవుల పంపకం మీద అమెరికా సామాజిక శాస్త్రవేత్త విలియం గామ్సన్ 1961లో ఒక సూత్రం చెప్పారు. ఏ పార్టీ ఎన్ని సీట్లు తెస్తే ఆ నిష్పత్తిలోనే వాటా అడుగుతుందని. యూరప్ మంత్రివర్గాలను తర్వాత లెక్కగట్టి చూస్తే ఇది చాలావరకు నిజమేనని తేలింది. చిన్న పార్టీలకు అక్కడ కాస్త ఎక్కువే దక్కింది. మన లెక్క చూద్దాం. ఎన్డీయే 293 సీట్లలో టీడీపీవి 16. ప్రమాణం చేసినవారు ప్రధానితో కలిపి 72 మంది. ఆ నిష్పత్తిన దాదాపు 4 పదవులు రావాలి, వచ్చినవి 2. టీడీపీ ఒక్కటే తప్పుకున్నా 277 మిగులుతాయి, ప్రభుత్వం పడదు. బేరం బలం తగ్గింది అక్కడే అని నా అభిప్రాయం.

అయితే గామ్సన్ సూత్రం పదవులను లెక్కపెడుతుందే గానీ తూకం వేయదు. జర్మనీలో 1966 నుంచి 2025 దాకా విదేశాంగ శాఖ మిత్రపక్షానిదే, 1982లో రెండు వారాలు తప్ప. చిన్న పార్టీ నాయకుడు గెన్షర్ 18 ఏళ్లు ఆ శాఖ చూశారు. ప్రభుత్వాధినేత అయిన ఛాన్సలర్ స్థూలంగా విధానం నిర్ణయిస్తే, ఆ హద్దుల్లో మంత్రి తన శాఖను స్వతంత్రంగా నడపొచ్చని అక్కడి రాజ్యాంగమే చెబుతుంది. మన దగ్గర పెద్ద విదేశాంగ నిర్ణయాలు ప్రధాని దగ్గరే తేలతాయి. వాజ్‌పేయి రక్షణ శాఖను సమతా పార్టీ నేత జార్జ్ ఫెర్నాండెజ్‌కు ఇచ్చారు గానీ, విదేశాంగాన్ని సొంత పార్టీ దాటనివ్వలేదు.

కానీ విదేశీ వ్యవహారాలు ఒక్క శాఖలోనే ఉండవు. గుంటూరులో ప్రధాన కార్యాలయం ఉన్న పొగాకు బోర్డు వాణిజ్య శాఖ కిందిది. మిర్చి ఎగుమతులకు సంబంధించిన ఒప్పందాలూ ఎక్కువగా ఆ శాఖ చేతిలోవే. విదేశీ విమానం గన్నవరంలో దిగాలంటే రెండు దేశాల మధ్య ఒప్పందం కావాలి, అందులో ఏయే ఊళ్లకు రావచ్చో రాసి ఉండాలి. మన తరఫున ఆ చర్చలు జరిపేది పౌర విమానయాన శాఖ. అది ఇప్పుడు టీడీపీ మంత్రి రామ్మోహన్ నాయుడి దగ్గరుంది. ఆ పేరు లేకుండానే విదేశాంగంలో కొంత మన వాటాకు వచ్చింది.

ఇంకో దారి సహాయ మంత్రి పదవి. 2004లో కేరళకు చెందిన ముస్లిం లీగ్ ఒక్క లోక్‌సభ సీటుతో ఈ.అహ్మద్‌ను విదేశాంగ సహాయ మంత్రిని చేయించుకుంది. గల్ఫ్‌కు వెళ్లిన మలబార్ వాళ్ల కష్టాలు ఆ పార్టీకి బాగా తెలుసు. పరాయి దేశంలో బిడ్డ చనిపోతే మృతదేహం కోసం మన కుటుంబాలు ఎంపీల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. 16 సీట్లున్న పార్టీ ఈ పదవిని గట్టిగా అడగాల్సింది.