‘యీగ్వాన్ చిన్‌షోవ్’ ఒకప్పుడు పొగడ్తా? అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒకరోజు, రాత్రి పదకొండు దాటాక, పాత విద్యార్థిని ఒకామె ఫోను చేసింది. ఒక ఫ్యాక్టరీలో చైనా ఇంజినీర్ల దగ్గర దుబాసీగా పనిచేస్తోంది. ఆ సాయంత్రం విందుకు పెద్ద ఇంజినీరు కొత్త సూటు వేసుకొచ్చాడట. మెచ్చుకుందామని ఈమె చైనీస్‌లో ‘యీగ్వాన్ చిన్‌షోవ్’ అన్నదట. బట్టలు తొడిగిన పశువు అని తిట్టే మాట అది. బల్ల చుట్టూ ఎక్కడి చాప్‌స్టిక్స్ అక్కడే ఆగిపోయాయట. ‘‘అది మొదట్లో గౌరవంగా అనే మాటే కదా సార్? వీడియోలో విన్నాను’’ అంది ఏడుపు గొంతుతో.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఉన్నదల్లా ఆ వీడియోల మీదే. చైనాలో వైద్యం చదివి వచ్చిన పిల్లలు కూడా ఇదే కథ నాకు వినిపిస్తుంటారు.

అపోహ: మింగ్ వంశకాలంలో ఇది అధికారులను పొగిడే మాట. వాళ్లు లంచాలు మరిగాక తిట్టుగా మారింది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఈ కథ చావదు. యీగ్వాన్ అంటే దుస్తులు, టోపీ. చిన్ అంటే పక్షులు, షోవ్ అంటే మృగాలు. 1391లో మింగ్ ప్రభుత్వం అధికారుల అంగీలకు రొమ్ము మీద ఒకటి, వీపు మీద ఒకటి చదరపు కుట్టుపని గుడ్డలు నిర్ణయించింది. పౌర అధికారులకు పక్షులు, సైనికాధికారులకు మృగాలు. పైమెట్టు పౌర అధికారికి సారసం, అట్టడుగువాడికి కౌజుపిట్ట. సైన్యంలో పైవాళ్లకు సింహం, వాళ్ల కింద పులి, చిరుత. ఇంతవరకు అక్షరాలా నిజం.

తర్వాతదే అతుకు. ఈ మాటను పొగడ్తగా వాడిన మింగ్ కాలపు వాక్యం ఒక్కటి చూపించమని అడుగుతుంటాను. ఇంతవరకు ఎవరూ చూపించలేదు. నిఘంటువులు ఉదాహరణగా ఇచ్చేది ఆ కాలపు నాటకకర్త చెన్ రూయువాన్ వాక్యం. కవి సూ షి జీవితం మీద ఆయన రాసిన నాటకంలోది: ‘అందరూ నన్ను యీగ్వాన్ చిన్‌షోవ్ అని తిడుతున్నారు’. అక్కడున్న క్రియ ‘మా’. తిట్టడం తప్ప దానికి అక్కడ ఇంకో అర్థం లేదు. అధికారులు పక్షులను, మృగాలను రొమ్ము మీద మోస్తున్న రోజుల్లోనే ఇది తిట్టు.

అసలు ‘చిన్‌షోవ్’ అని మనిషిని తిట్టడం ఆ గుడ్డముక్కలకన్నా పదిహేడు వందల ఏళ్లు పాతది. మనిషికీ పశుపక్ష్యాదులకూ ఉన్న తేడా ఇసుమంత అన్నాడు చైనా తత్వవేత్త మెన్షియస్. తండ్రినీ రాజునూ లెక్కచేయని సిద్ధాంతం అంటూ యాంగ్ జూ, మోజీ అనే తత్వవేత్తల మతాలను ఖండిస్తూ ‘ఇది చిన్‌షోవ్ తీరు’ అని తేల్చాడు.

పశువుకు బట్టలు తొడిగి వెక్కిరించడమూ పాతదే. క్రీ.పూ. 206లో చూ దేశపు సేనాని షియాంగ్ యూ చిన్ రాజవంశపు రాజధానిని తగలబెట్టి ఊరికి పోతానంటే, ‘చూ దేశపువాళ్లు టోపీ పెట్టిన కోతులని ఊరికే అనలేదు’ అన్నాడొకడు. అన్నవాణ్ని మరిగే కాగులో వేయించాడు షియాంగ్ యూ. చరిత్రకారుడు సిమా చియెన్ రాసిపెట్టిన ముచ్చట ఇది. తాంగ్ వంశకాలపు కవి హాన్ యూ, కొడుకును చదువుకోమంటూ రాసిన పద్యంలో, పాతకొత్తలు తెలియనివాడు అంగీ తొడుక్కున్న గుర్రం, ఎద్దు అన్నాడు. మన భర్తృహరి తోకా కొమ్ములూ లేని పశువన్నాడు కదా, అదే చూపు.

ఇంత చెప్తున్నాను గానీ, నేనూ తక్కువ తినలేదు. చదువుకునే రోజుల్లో బీజింగ్‌లో ఒక ప్రదర్శనశాలలో సారసం గుడ్డ చూశాను. బంగారు జరీ అరిగి, పక్షి కన్ను దగ్గర ఒక్క నల్లదారం మిగిలింది. పక్కనున్న గైడు ఈ కథే చెప్పాడు. నోటుపుస్తకంలో రాసుకుని రెండేళ్లు క్లాసులో చెప్పాను! మూడో ఏడు వెనుక బెంచీ కుర్రాడొకడు ‘‘పొగడ్తగా వాడిన వాక్యం ఒకటి చెప్పండి సార్’’ అన్నాడు. ఆ రాత్రి నిఘంటువులు తిరగేశాక గానీ నాకు తెలివి రాలేదు.

అపోహ: ప్రతి చెంగ్‌యూ (చైనీస్ నాలుగక్షరాల నానుడి) వెనుక ఒక కథ ఉంటుంది.

వాస్తవం: లేదు. చాలాసార్లు మాట ముందు, కథ తర్వాత. కుమ్మక్కై చెడు చేసేవాళ్లను ‘లాంగ్‌పేయ్’ అంటారు. లాంగ్ అంటే తోడేలు; తోడేళ్ల మీదెక్కి నడిచే, ముందుకాళ్లు పొట్టివైన జంతువు పేయ్ అని 9వ శతాబ్దిలో త్వాన్ చెంగ్‌షి అనే రచయిత రాశాడు. కానీ 3వ శతాబ్దిలోనే లీ మీ అనే రచయిత ఆ మాటను ‘దిక్కుతోచని స్థితి’ అనే అర్థంలో వాడాడు. అక్కడ జంతువూ లేదు, సవారీ లేదు.

అపోహ: యీగ్వాన్ చిన్‌షోవ్‌కు తెలుగులో ‘మేకవన్నె పులి’ అంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. మేకవన్నె పులి సాధువులా నటిస్తుంది. ఇక్కడ మనిషికి నిజంగానే హోదా ఉంటుంది, నడతే పశువుది. నేనైతే ‘పెద్దమనిషి బట్టల్లో పశువు’ అని విప్పి రాస్తాను.

మర్నాడు ఉదయం ఆ అమ్మాయి వెళ్లి, వీడియో సంగతి దాచకుండా చెప్పి క్షమించమంది. ఇంజినీరు పగలబడి నవ్వి, ఆమె ఫోను తీసుకుని అనాల్సిన మాట టైపు చేసి ఇచ్చాడట: ‘యీబ్యావ్ థాంగ్‌థాంగ్’, అంటే నిండైన విగ్రహం. అది నాకు పంపించి ఎలా పలకాలని అడిగింది. ఈ ‘యీ’ రెండో స్వరం (టోన్), ఆ తిట్టులోని ‘యీ’ మొదటిది అని జవాబు రాశాను.