కలబందకు పూలెందుకు రావు?

చాలామందికి కలబంద అంటే మట్టలే. దానికి పూలు కూడా పూస్తాయంటే "ఔనా!" అంటారు. నేనూ అన్నాను. నా మొదటి మొక్కకు ఎండ తగలకుండా గదిలో పెట్టి, పొద్దున్నే లేచి నీళ్ళు పోసి, చంటిబిడ్డను సాకినట్టు సాకాను. మొదలు కుళ్ళి పోయింది. రెండోది బతికిందిగానీ పాలిపోయి, మట్టలు వేలాడేసింది. విసుగొచ్చి దాని పిలకనొకదాన్ని బయట ఎండలో వదిలేశాను. కొన్నేళ్ళకు పూసింది అదే!

ఇది మొక్క మొండితనం కాదు. అది బతికే పద్ధతే వేరు.

మామూలు మొక్కలు పగటిపూట ఆకుల్లోని సన్నటి రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి. ఆ రంధ్రాల్లోంచే నీరు కూడా ఆవిరైపోతుంది. ఎడారి అంచుల్లో పెరిగే మొక్కకు ఇది గిట్టుబాటయ్యే బేరం కాదు. అందుకే కలబంద పగలు తలుపులు బిగించుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరుస్తుంది. అప్పుడు లోపలికొచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసి, దాచుకున్నదాన్ని ఎండ సాయంతో చక్కెరగా మార్చుకుంటుంది. ఈ పద్ధతిని శాస్త్రజ్ఞులు పొట్టిగా 'క్యామ్' అంటారు.

రణపాల మొక్కదీ ఇదే దారి. దాని ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త నమిలి చూసి ఉత్తరం రాశాడు. 1815లో అది అచ్చయింది. కలబందతో మాత్రం ఈ ప్రయోగం చేయకండి. తొక్క కిందే కారే పసుపు రసంలో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది, అది విరేచనాలు పట్టిస్తుంది. మట్ట కొరికితే పిల్లులకూ కుక్కలకూ మంచిది కాదు.

ఇంత పొదుపరికి రోజూ నీళ్ళు పోస్తే ఏమవుతుంది? మట్టిలో గాలి ఉండాల్సిన ఖాళీల్లో నీరు నిలుస్తుంది. వేళ్ళకు ఊపిరాడదు, కుళ్ళు మొదలవుతుంది. మనమేమో మట్టలు వాడిపోయాయని ఇంకో చెంబెడు పోస్తాం! తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. దాహమేస్తే మట్టలు పలచబడి లోపలికి ముడుచుకుంటాయి. నీరెక్కువైతే మెత్తబడి, ఉడికినట్టు అవుతాయి. మట్టిలో రెండు అంగుళాల లోతు వేలు పెట్టి చూడండి, అక్కడ కూడా పొడిగా ఉంటేనే కుండీ కింది నుంచి కారేదాకా పోయండి. మళ్ళీ ఎండేదాకా దాని జోలికెళ్ళొద్దు. సగం ముతక ఇసుకో, సన్న కంకరో కలిపిన మట్టి, అడుగున చిల్లున్న కుండీ ఉంటే చాలు. ఎరువు గురించి టెన్షన్ అక్కర్లేదు. నత్రజని ఎక్కువైతే మట్టలు బలుస్తాయి తప్ప పూలు రావు.

అసలు కిటుకు వెలుగులో ఉంది. పూలకాడ రెండు మూడు అడుగులు లేస్తుంది. దాన్ని లేపాలంటే బోలెడు చక్కెర కావాలి, నీడలో అంత పోగవదు. అలాగని నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా మండుటెండలోకి తోసేస్తే మట్టలు కాలిపోతాయి. రెండు వారాలపాటు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఈలోగా మట్టలు ఎర్రబడితే కంగారు పడొద్దు, అది ఎండను తట్టుకోవడానికి మొక్క పూసుకునే రంగు. మొక్క ముదరాలి కూడా, పిలక నాటిన మూడు నాలుగేళ్ళదాకా పువ్వు అడగడం అత్యాశే. చలికాలంలో నీళ్ళు బాగా తగ్గించి, రాత్రి చల్లదనం తగలనిస్తే మేలు, గడ్డకట్టే మంచు మాత్రం పడకూడదు. ఈ కుటుంబంలో చాలా రకాలు చలి రోజుల్లోనే పూస్తాయి.

కలబంద ఉండే అలో ప్రజాతిలో 500కు పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా ప్రాంతాలవే. పూలు గొట్టాల్లా ఉంటాయి, కాడ కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. మన కలబందవి పసుపు, చాలా జాతులవి ఎరుపు, నారింజ. ఎందుకంటే వాటి ముఖ్య అతిథులు పక్షులు. దక్షిణాఫ్రికాలోని అలో వ్రైహైడెన్సిస్ సంగతి మరీ విచిత్రం. దాని మకరందం ముదురు గోధుమరంగులో, చేదుగా ఉంటుంది. తేనెటీగలకూ తేనెపిట్టలకూ అది రుచించదు. బుల్బుల్ పిట్టలు మాత్రం లెక్కచేయకుండా తాగి, మొహానికి పుప్పొడి పులుముకుని పోతాయి. పిలవని చుట్టాలకు కషాయం పోసి పంపడమంటే ఇదే.

పూశాక మొక్క చచ్చిపోతుందేమోనని కొందరు భయపడతారు. అది కిత్తనార సంగతి. కలబంద ఏటా పూయగలదు, ఎండిన కాడ కోసేస్తే సరి.

నా మొక్కకు పూలొచ్చాయిగానీ కాయ కట్టలేదు. చాలా అలో జాతుల్లాగే కలబంద కూడా సొంత పుప్పొడిని ఒప్పుకోదు. పక్కన ఇంకో రెండు కుండీలు పూసినా లాభం లేకపోయింది, అవి దాని పిలకలే, అంటే దాని నకళ్ళే మరి.